అక్క చేతి తూకం

"మళ్లీ బరువెక్కావురా," అంది అక్క, తమ్ముణ్ణి మంచం మీంచి ఎత్తి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, ఆయాసంతో గోడకి ఆనుకుంటూ.

అతను ఆ పూట పళ్లెంలో సగం అలాగే వదిలేశాడు.

కండరాలు క్షీణించే జబ్బు అతనిది. అమ్మ వైపు నుంచి వచ్చిందన్నారు. చిన్నప్పుడు ఉబ్బిన పిక్కలు చూసి బళ్లో అందరూ పహిల్వాన్ అనేవారు. కూర్చున్న చోటు నుంచి లేవాలంటే మాత్రం మోకాళ్లూ తొడలూ చేతులతో పట్టుకుని లేచేవాడు. ఆ పహిల్వాన్ ఇప్పుడు తనంతట తాను పక్క మీద ఒత్తిగిల్లలేడు. నిలబడలేనివాడికి ఇంట్లో బరువు చూసే మిషన్ ఉండీ ఏం లాభం? అతన్ని రోజూ తూచే కాటా అక్క చేతులే. అవి అబద్ధం చెప్పవని అతని నమ్మకం.

ఒకప్పుడు అక్క కబుర్లు చెబుతూనే అతన్ని అవలీలగా ఎత్తేసేది. ఇప్పుడు ఎత్తేముందు ఊపిరి కూడదీసుకుంటోంది. జిరాక్స్ షాపు నుంచి రాగానే ఏదో ఓ మూల చతికిలబడుతోంది. ఇంట్లో ఇద్దరున్నారన్న మాటే గానీ, ఉలుకూ పలుకూ లేదు. మొన్న ఫోన్లో ఎవరితోనో అంటుంటే విన్నాడు, వీణ్ణి ఎత్తడం ఇక నావల్ల కాదేమో, ఇలాంటివాళ్లని ఉంచుకుని చూసుకునే మంచి హోమ్ ఏదైనా ఉంటే చూడమని. పరాయి చోట, పరాయి చేతుల్లో బతకాలి అనుకుంటేనే అతనికి ఏడుపొచ్చింది.

అంతే, నోరు కట్టుకున్నాడు. ఓ పూట ఆకలి లేదన్నాడు, ఓ పూట అరగలేదన్నాడు. ఇంత కడుపు మాడ్చుకున్నా పాడు పొట్ట మాత్రం ముందుకే వచ్చింది. అక్క నోట కూడా బరువెక్కావన్న మాటే.

చివరికి ఆసుపత్రిలో డాక్టరమ్మ అతన్ని కుర్చీతో సహా పెద్ద కాటా మీదికి ఎక్కించి, కుర్చీ బరువు తీసేసి చూసింది. చూసి కళ్లెర్రజేసింది.

"ఇంతలా చిక్కిపోయావేంటి? తిండి మానేశావా?"

అతనికి నమ్మబుద్ధి కాలేదు. పొట్ట పెరిగింది కదండీ అన్నాడు. కండ కరిగిన చోట కొవ్వు చేరుతుందని, పైకి బొద్దుగా కనిపించినా లోపల మనిషి తరిగిపోతుంటాడని, పస్తులుంటే మిగిలిన కాస్త కండా పోతుందని ఆవిడ గట్టిగా చీవాట్లు పెట్టింది.

ఆ చీవాట్లు అతని చెవికెక్కితేగా. సంతోషం పట్టలేక అక్క వైపు తిరిగాడు.

"విన్నావా అక్కా, నేను తేలికైపోయాను. ఇంక నన్ను ఎక్కడికీ పంపించవుగా?"

అక్క తెల్లబోయింది.

"ఎలా తగ్గుతావురా? రోజురోజుకీ బరువెక్కుతుంటేను. నిన్ను ఎత్తేది నేను కాదూ?"

అంటూనే అతని దగ్గరికి రావడానికి బెంచీ మీంచి లేచింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి, తొడలు పట్టుకుని, నెమ్మదిగా నడుము ఎత్తింది.

డాక్టరమ్మ చీవాట్లు ఆపేసి అటే చూస్తూ ఉండిపోయింది. మీరిద్దరూ ఒక తల్లి బిడ్డలేనా అని అడిగింది. అవునంది అక్క.

ఈసారి పరీక్ష బల్ల ఎక్కమన్నది అక్కని.