మేలో మాట్లాడిన వాగు

మా యూనివర్సిటీలో పర్యావరణ న్యాయం ప్రాక్టికల్ పరీక్ష ఎప్పుడూ మే నెలలోనే పెడతారు. మేలో వాగులు మాట్లాడవు కాబట్టి.

చట్టం ప్రకారం ప్రతి వాగుకూ ఒక గొంతుపెట్టె అమర్చారు. అది పారే నీటితోనే పనిచేస్తుంది. వాగు ఒప్పుకోనిదే ఇసుక తవ్వకూడదు. అడిగినా పలకలేదంటే ఒప్పుకున్నట్టే లెక్క. ఈ కిటుకు కనిపెట్టినందుకే మా త్రివిక్రమరావు సారుకు డాక్టరేట్ ఇచ్చారు. వాగును ఒప్పించడమే మా పరీక్ష.

ఈసారి ముందురోజు ఎగువన ఎక్కడో వాన పడింది. గట్టు మీద సారు గొడుగు కింద, మేం ఎండలో నిలబడ్డాం. మా క్లాసు నస్రీన్ పెట్టె దగ్గరికి వంగి, "ఇసుక తీసుకుంటామమ్మా, నీకు సమ్మతమేనా?" అని అడిగింది.

"వద్దు తల్లీ. చేపపిల్లలు ఇప్పుడే వచ్చాయి," అంది వాగు.

నస్రీన్ సారు వైపు చూసింది.

"నాకేం వినపడలేదు. మళ్లీ అడుగమ్మా."

"వద్దన్నాగా," అంది వాగు.

సారు చిరాగ్గా గొడుగు మడిచారు. "పరీక్ష వాయిదా. ఇది ఎండాక వద్దాం."

"దీని నోరు పడిపోను, రేపు ఊరెళ్దామనుకున్నా," అంది నస్రీన్.

అందరం వాగును తిట్టుకుంటూ బస్సెక్కాం. డిగ్రీ చేతికొస్తే మేమే దాని తరఫు లాయర్లం.