పిల్లనగ్రోవికి పసుపు కొమ్ము

"అన్నా, లే! గీ సంబంధం మనకొద్దు!"

గోడకు వేలాడుతున్న పిల్లనగ్రోవిని ముచ్చటపడి చేతిలోకి తీసుకున్న నీలవ్వ ఒక్క అరుపు అరిచింది. మేనకోడలికి కుదిరేలా ఉన్న సంబంధం కదా, ఇల్లు చూసి వద్దామని అన్న లింగన్నతో కలిసి పొద్దున్నే మోర్తాడ్ నుంచి ఆర్మూర్ వచ్చింది ఆమె. ఇల్లు నచ్చింది. మూలనున్న బ్లాక్ అండ్ వైట్ టీవీ నచ్చింది. పెరట్లో పసుపు ఉడుకుతున్న కడాయి ఇంకా నచ్చింది. తీరా చాయ్ నోటి దాకా వచ్చాక ఈ గొడవ.

లింగన్న చేతిలో సాసర్ ఒరిగి చాయ్ ధోవతి మీద పడింది. "ఏమైందే?"

"గిది చూడు!"

పిల్లనగ్రోవి అడుగువైపు వంకర తిరిగిన పసుపు కొమ్ము ఒకటి, పసుపు దారంతో బిగించి కట్టి ఉంది.

"కొమ్ము, పసుపు దారం, మూడు ముళ్లు. గిది పుస్తె గాకపోతె ఏందంటవ్?"

లింగన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. బంగారు పుస్తె లేని చోట పసుపు కొమ్మే పుస్తె. పసుపు పండించే ఊళ్లలో ఆ సంగతి తెలియనిదెవరికి?

"పిలగాని జాతకంల గండమున్నది అన్నా! మొదటి పెండ్లాం బతకదని అయ్యగారు చెప్పి ఉంటడు. గందుకే కట్టెకు పుస్తె కట్టిపిచ్చిన్రు. మా అత్తగారింటి కాడ ఒకాయన గిట్లనే జిల్లేడు చెట్టుకు కట్టిండు. కట్టినంక చెట్టును నరికేసి, గప్పుడు పిల్లను తెచ్చుకున్నరు. వీళ్లు దీన్ని నరకనన్న నరకలే! మన పిల్ల మీదికి తెస్తరా ఏంది?"

మురుకుల పళ్లెంతో వంటింట్లోంచి వస్తున్న భూమవ్వ గడప దగ్గరే ఆగిపోయింది. "ఏం మాట్లాడుతున్నవ్ వదినె..." అంటూ పళ్లెం గడప మీదే పెట్టేసింది. తండ్రి లేని ఒక్కగానొక్క కొడుకు మీద అంత మాట పడితే ఏ తల్లి తట్టుకుంటుంది?

కేకలు విని తుకారాం పెరట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. మోచేతుల దాకా పసుపు. లింగన్న కూతుర్ని చూసొచ్చిన నాటి నుంచి అతనికి అన్నం సయించడం లేదు.

"అత్తా, గది పుస్తె గాదు. బొటనేలుకు ఆసరా!"

"ఆసరానా?"

"అవునత్తా. గిది పొడుగు పిల్లనగ్రోవి. బరువంత కుడిచెయ్యి బొటనేలు మీదనే పడ్తది. పోయినేడు పసుపుకు పాలిష్ పట్టంగ డ్రమ్ముల పడి గీ వేలు నలిగింది. గప్పటి సంది పట్టు చిక్కుత లేదు. సప్తాహంల ఊదుతుంటె జారి కిందవడ్డది. అందరు నవ్విన్రు. ఇంటికొచ్చి ఏడిస్తె మా అమ్మనే గీ కొమ్ము ఏరి తెచ్చింది. దీన్ని కట్టుకో బిడ్డా, వేలు ఆనుతది అన్నది."

"ముళ్లు ఎవరేసిన్రు?"

"నేనే. విద్య గద, తానం జేసి కట్టుమన్నది."

"మూడెందుకు మరి?"

"రెండేస్తె ఊడుతదన్నది."

నీలవ్వ నమ్మినట్టు లేదు. లింగన్న అప్పటికే ఒక కాలు చెప్పులో పెట్టాడు. తుకారాంకు ఏడుపొక్కటే తక్కువ.

"అత్తా, నువ్వే అంటివి గద, కట్టినంక నరికేస్తరని! నాకు గండమే ఉంటె మా అమ్మ దీన్ని ఇన్నొద్దులు ఉంచుతదా? ఎప్పుడో ముక్కలు జేసేది. ఇగో, విను!"

నీలవ్వ చేతిలోంచి పిల్లనగ్రోవి తీసుకుని పెదవులకు ఆనించాడు. బొటనవేలు కొమ్ము వంకరలో కుదురుకుంది. మిగతా వేళ్లకు బరువు తప్పింది, హాయిగా ఆడాయి. పెరట్లో కడాయి దగ్గరి కూలీలు పని ఆపి తలుపు దాకా వచ్చారు. లింగన్న పెట్టిన చెప్పు విప్పి మళ్లీ కూర్చున్నాడు. పాట ఆగేసరికి నీలవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

"మస్తు ఊదినవ్ పిలగా!"

"నీకన్నిటికి అనుమానమే," అని చెల్లెల్ని కసురుకున్నాడు లింగన్న. "నరకలేదంటె గండం లేనట్టే గద! గింత తెల్వదా? అక్కా, మా చెల్లె మాటలు మనసుల పెట్టుకోకు. లగ్గం పెట్టుకుందాం. వచ్చే నెలల మంచి రోజు చూపిద్దాం."

భూమవ్వ తలుపుకు ఆనుకుని చెమట తుడుచుకుంది. పాపం, ఎంత బెదిరిపోయిందో అని నీలవ్వే వెళ్లి ఆమె చేతులు పట్టుకుంది.

తుకారాం కాబోయే మామను, నీలవ్వను మోర్తాడ్ బస్సెక్కించి, దారి పొడవునా కూనిరాగం తీసుకుంటూ ఇంటికొచ్చాడు. ఈ సంతోషంలో ఇంకో పాట ఊదాలనిపించింది. చూస్తే గోడకు మేకు ఒక్కటే ఉంది.

పెరట్లో టప్పుమని ఏదో పేలింది.

పరుగెత్తాడు. కూలీలు వెళ్లిపోయారు. కడాయి కింద పొయ్యిలో మంట లేచి ఉంది. ఆ మంటలో పిల్లనగ్రోవి నిలువునా చీలి కాలుతోంది. పసుపు కొమ్ము మాడిన వాసన పెరడంతా నిండింది. పొయ్యి ముందు అమ్మ.

"అమ్మా! నా పిల్లనగ్రోవి! ఏం జేస్తున్నవే?"

మంటలోకి చెయ్యి పెట్టబోయిన కొడుకును భూమవ్వ రెండు చేతులా వెనక్కి లాగి గట్టిగా పట్టుకుంది. ఆమె కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"ముట్టకు బిడ్డా... పెద్ద కోడలు పోయినంకనే గద, చిన్న కోడలు ఇంట్ల అడుగు పెట్టాలె!"