కోరమండల్‌కు పడిన మార్కులు

కోరమండల్‌లోని పాత మైనింగ్ లైన్లలో, అంటే మూతపడిన బంగారు గనుల కార్మికుల ఇళ్ళ వరసల్లో, దిగిన మొదటి రోజే మంజు మొహం మీదే కిటికీ మూసుకుంది.

అది ఎదురింటి నెల్సన్ కిటికీ. పలకరిద్దామని మంజు నోరు తెరిచాడో లేదో, నెల్సన్ గుడ్లురిమి రెక్కలు రెండూ దగ్గరకు లాగేసుకున్నాడు. చప్పుడైనా కాలేదు. మొహం మీద తలుపేయడంలో అంత నేర్పు మంజు ఎక్కడా చూడలేదు.

మంజు బెంగళూరు కంపెనీ మనిషి. ఇంట్లో కూర్చుని పనిచేసుకునే ఉద్యోగులకు ఏ ఊరు అనువైనదో చూసి మార్కులు వేయడానికి వచ్చాడు. ఊరికి నాలుగు రోజులు మకాం. రాత్రిళ్ళు చేసే తన మామూలు ఆఫీసు పని కూడా అక్కడి నుంచే. ఇంటర్నెట్, కరెంటు, అద్దె, మనుషులు. వీటిలో ఒక్కదానికి సున్నా పడినా ఊరు గల్లంతే. పంపిన మార్కులు మార్చడానికి వీల్లేదు.

ఆ మార్కుల మీదే ప్రాణం పెట్టుకున్న మనిషి ప్రిన్సీ. అదే కంపెనీ ఉద్యోగి. తెల్లారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోతుంది. తిరిగొచ్చేసరికి ఏడాది నిండని బిడ్డ నిద్రపోయి ఉంటుంది. ఊరు పాసైతే ఇక రైలెక్కే పనిలేదు, బిడ్డను ఒళ్ళో పెట్టుకునే పనిచేసుకోవచ్చు. మంజు దిగిన గది కూడా ఆమె తల్లి జెసింతాదే. మధ్యలో తడిక గోడ, అవతల వాళ్ళిల్లు.

"మావాళ్ళు మిమ్మల్ని బాగా చూసుకుంటారు సార్" అంది ప్రిన్సీ ఫోన్లో.

చూసుకున్నారు మరి!

తలుపేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పనిచేసుకునేటప్పుడు ఏ గొడవా లేదు. పని లేని వేళే వచ్చింది చిక్కంతా.

రెండో రోజు తడిక అవతల ఎవరో పకపకా నవ్వారు. వెంటనే జెసింతా గొంతు బుసకొట్టింది.

"నోర్ముయ్యండే! ఆయప్పకి వినపడతాది!"

తనకు వినపడకూడని మాటలేమిటో! మంజు కిటికీలోంచి తొంగిచూశాడు. జెసింతా తన కోడిపుంజును గోనెసంచిలో కుక్కి, చంకన పెట్టుకుని లైను చివరికి పరుగెడుతోంది. తనేమన్నా కోళ్ళ దొంగా? కాసేపటికి ప్రిన్సీ బిడ్డ కేరుమంది. జెసింతా ఆ బిడ్డనూ ఎత్తుకుని అదే పరుగు, మండుటెండలోకి. పుంజు సరే, పసిదానికి కూడా తన కన్నే తగులుతుందా?

అరటిపళ్ళ బండి వచ్చింది. "ఓ పళ్ళూ!" అని మంజు పిలిచేలోపే, అరుగు మీది ఓబలప్ప కర్ర ఊపాడు. మైన్లో జీవితమంతా దిగి ఎక్కిన ముసలాయన, లైనుకంతా పెద్ద. బండివాడు అరవకుండా, చక్రం కిర్రుమనకుండా బండిని పైకెత్తి పట్టుకుని పోయాడు.

మూడో రోజు ఎండ నడినెత్తికి వచ్చాక మంజు చెప్పులేసుకున్నాడు. ఓబలప్ప కర్ర అడ్డం పెట్టాడు.

"యాడికప్పా?"

"టీ తాగడానికి."

"టీ లేదు గీ లేదు. లోపలికి పో."

"నేనెక్కడికి పోతే మీకేం పెద్దాయనా?"

"ఆవులప్ప కూడా ఇట్లనే అడిగినాడు. పగలంతా పేట తిరిగేటోడు. చెప్తే వినలేదు. మైను షాఫ్టులో పడినాడు. అది ఎంత లోతనుకున్నావు? ఇంగా పడతానే ఉండాడు! ఆదివారం పొద్దు నేలకు చెవి పెట్టి చూడు, 'యమ్మా' అంటా పోతావుంటాడు. నువ్వు కూడా పోతావా?"

ఊరి మధ్యన, పట్టపగలు, చంపుతామని ఇంతకంటే విడమరిచి ఎవరు చెబుతారు? మంజు లోపలికి వచ్చి గడియ పెట్టుకున్నాడు.

నాలుగో రోజు రాబర్ట్‌సన్‌పేట వైపు నుంచి చర్చి ఊరేగింపు వచ్చింది. బ్యాండు, డప్పులు, పాటలు. దేవుడి పేరు మీదైనా ఒక నవ్వు దొరుకుతుందేమోనని మంజు గడపలో నిలబడ్డాడు.

లైను మొదట్లో ఓబలప్ప కర్ర ఎత్తాడు.

బ్యాండు టక్కున ఆగింది. అంతమందీ తలలు దించుకుని, అతని గుమ్మం ముందు శవం వెంట నడిచినట్టు నడిచి పోయారు. ఒక పిల్ల చెయ్యి ఊపబోతే తల్లి ఆ చెయ్యి పట్టి లాగింది. మలుపు దాటగానే డప్పులు మళ్ళీ చెలరేగాయి.

మంజు ఒళ్ళు మండిపోయింది. ల్యాప్‌టాప్ తెరిచాడు. ఇంటర్నెట్, బాగుంది. కరెంటు, పోలేదు. అద్దె, చవక. మనుషులు, సున్నా.

ప్రిన్సీ బిడ్డ గుర్తొచ్చి వేలు ఆగింది. మార్కులు కావలసిన ఇంటివాళ్ళే పుంజును దాచుకుంటే తానేం చేయగలడు? పంపేశాడు. పెట్టె సర్దుకుని బయటపడ్డాడు.

ఓబలప్ప కర్ర పట్టుకుని ఎదురొచ్చాడు.

"పోతున్నా పెద్దాయనా, ఇప్పుడు చల్లబడిందా మీ కడుపు?" మంజు గొంతు లైనంతా వినబడింది. "పరాయివాణ్ణి చూసి ఊరు ఊరంతా నోరు కుట్టేసుకోవడం ఇక్కడే చూశాను. మీకు నేనేం ద్రోహం చేశాను?"

ముసలాయన తెల్లబోయాడు. అటూ ఇటూ మూసున్న తలుపులు చూసి, మంజు చెవి దగ్గరికి వంగి, గుసగుసగా అన్నాడు.

"రాత్రంతా నైట్ షిఫ్ట్ చేసినోడు పండుకునే వేళ లైన్లో ఎవురన్నా నోరెత్తుతారా అప్పా, మైను మూసేసినంత మాత్రాన?"