బోణీ బేరం

"బోణీకొచ్చిన ఆమెను ‘ఇంట్లో ఉండే చీరలు చాలవా తల్లీ’ అని తిప్పి పంపినాడు సార్ మా నాయన. అంగడి పెట్టుకోని ఎవరన్నా అట్లంటారా?" కడప మనోవ్యాధుల డాక్టరు ముందర కొడుకు తల పట్టుకున్నాడు.

పక్కనున్న తండ్రి పెద్దసుబ్బయ్య వైపు తిరిగాడు డాక్టరు. "నిద్ర పడతాందా?"

"హాయిగా."

"దేనికన్నా భయపడతాండారా?"

"ముందు అన్నిటికీ భయమే సార్. పక్కంగడోడు మించిపోతాడేమోనని. ఇంక చాలనుకున్నా. భయం పోయింది."

"ఎన్నాళ్లయింది ఇట్లా?" కొడుకును అడిగి, డాక్టరు మందు రాశాడు.

భర్త ఇంత నెమ్మదిగా మాట్లాడగా, వెంట వచ్చిన సుందరలక్ష్మి ఎప్పుడూ వినలేదు. ఈయనకు ఏ జబ్బూ లేదని ఆమెకు తెలిసిపోయింది. చెప్పబోయి, కొడుకు మొహం చూసి మందుచీటీ అందుకుంది.

బయట మందులు కొని మాత్ర తీసింది గానీ చెయ్యి ముందుకు రాలేదు.

"ఇయ్యి సుందరా," అన్నాడు పెద్దసుబ్బయ్య. "భయం మీకుండాది. అది పోతాదంటే నేను మింగుతాలే."

తెలిసి తెలిసీ, మాత్ర ఆయన నోట్లో వేసింది.