సగం విన్న యార్క్ కథ

పర్శరాములు చాయ్ గ్లాసు పట్టుకొని గదిలోకి వచ్చేసరికి అతని మంచం మీద ఒక్కడూ లేడు.

పదకొండేళ్ళుగా గల్ఫ్‌లోని ఈ ఉమ్ అల్ క్వైన్ లేబర్ క్యాంపులో సెలవు రోజు సాయంత్రం అందరూ చేరేది ఆ మంచం దగ్గరే.

ఇవాళ అందరూ మూలన కొత్తవాడి చుట్టూ మూగారు.

కొత్తవాడు ఇమామ్ హుస్సేన్. నెల్లూరు మనిషి. వచ్చి మూడు వారాలు కూడా కాలేదు. అట్ట ఊడిపోయిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒళ్ళో పెట్టుకొని ఏదో చెబుతున్నాడు. ఇల్లు ఖాళీ చేస్తూ ఎవరో ఇంగ్లీషు దొరలు పారేసిన పుస్తకమట.

"యార్క్ అని ఒక ఊరన్నా..."

"న్యూయార్కా?" అన్నాడు పక్క మంచం లచ్చన్న.

"కాదన్నా, ఇంగ్లండులో పాత యార్క్. ఏడొందల యాభై ఏండ్ల కిందటి మాట. ఊరి తరఫున ఇద్దర్ని పార్లమెంటుకి పంపమని కబురొచ్చింది. ప్రభువుల్ని కాదు, ఊళ్ళో యాపారం చేసుకునేటోళ్ళని. అప్పట్నుంచి ఆరొందల ఏండ్లకు పైనే ఇద్దరిద్దర్ని పంపినారు."

"అరె, మన ముచ్చట లెక్కనే ఉన్నదే!" లచ్చన్న తొడ చరిచాడు.

క్యాంపు నుంచి వెల్ఫేర్ కమిటీకి ఒకరిని ఎన్నుకోమని కంపెనీ నోటీసు అంటించి రెండు రోజులైంది మరి.

పర్శరాములు చాయ్ గ్లాసు ఠపీమని కిటికీలో పెట్టాడు.

ఆ కమిటీలో కూర్చోవలసింది తను. కరోనా రోజుల్లో గదిగదికీ అన్నం పొట్లాలు మోసింది తను. నీళ్ళు రాకపోతే క్యాంప్ బాస్ తలుపు కొట్టింది తను. నిన్నగాక మొన్న వచ్చినవాడు ఎక్కడిదో యార్క్‌ను పట్టుకొచ్చి పెద్దమనిషి అయిపోతాడా!

"రాములన్నా, రా కూసో. అసలు కత ఇప్పుడే వస్తది," అని పిలిచాడు లచ్చన్న.

"ఇంగ్లీషోళ్ళ కతలు నీకే ముబారక్," అని విసురుగా బయటికి వెళ్ళిపోయాడు.

మెస్ దాకా వెళ్ళినా లోపలి నవ్వులు వినబడుతూనే ఉన్నాయి. అందులో ఒక్కటీ తన కోసం కాదనుకుంటే ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు ఇమామ్ హుస్సేన్ ఎదురుపడ్డాడు.

"సలామన్నా!"

పర్శరాములు మొహం తిప్పుకున్నాడు.

ఆ వారమంతా ఇమామ్ హుస్సేన్ ఒక కాగితం పట్టుకొని గదిగదికీ తిరిగాడు. అందరిచేతా సంతకాలు పెట్టించాడు. పర్శరాములును మాత్రం అడగలేదు.

"నన్ను తప్ప అందర్ని అడుగుతుండు. ఎంత చాలాకీ వీనికి!" పర్శరాములు పళ్ళు కొరికాడు.

ఎన్నిక ఎల్లుండి అనగా తిన్నగా క్యాంప్ బాస్ అమీర్ జాన్ దగ్గరికి వెళ్ళాడు.

"సాబ్, వో నయా ఆద్మీ సబ్ సే దస్తఖత్ లే రహా హై. గడ్‌బడ్ కరేగా."

అమీర్ జాన్ హడలిపోయాడు. క్యాంపులో సంతకాల గొడవ అంటే ముందు పోయేది అతని ఉద్యోగమే. వెళ్ళి ఆ కాగితం లాక్కొచ్చాడు. చూస్తే తెలుగు.

"క్యా లిఖా హై?" అంటూ, ఏం రాసుందో చెప్పమని పర్శరాములు చేతిలో పెట్టాడు.

పర్శరాములు చదవలేదు. చివర లచ్చన్న సంతకం కంటపడింది. ఆ మంట చాలు అతనికి.

"వోట్ కే లియే, సాబ్. అప్నే లియే," అన్నాడు, కొత్తవాడు తనకే ఓట్లు వెయ్యమని రాసుకున్నట్టు.

అమీర్ జాన్ కాగితాన్ని నిలువునా చింపేశాడు.

"ఖలాస్!"

తెల్లవారేసరికి ఇమామ్ హుస్సేన్‌ను ఎక్కడో దూరాన ఉన్న అల్ ఐన్ సైటుకు మార్చేశారు. పెట్టె మోసుకుంటూ గుమ్మం దగ్గర ఆగాడు.

"రాములన్న నిద్రలో ఉండాడు. లేపొద్దులే లచ్చన్నా, సలాం చెప్పు."

పర్శరాములు దుప్పటి ముసుగు తీయలేదు.

ఎన్నికలో చేతులన్నీ లేచాయి. అన్నీ పర్శరాములుకే.

"సూశిండ్రా! వాడు పోంగనే అందరికి నేనే యాదికొచ్చిన," అని మీసం దువ్వుకున్నాడు.

ఆ మురిపెం సాయంత్రం దాకే. ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. మీటింగులు డ్యూటీ టైములోనే జరుగుతాయి. ఆ రోజుల్లో అతని బదులు పని చేసేవాళ్ళ సంతకాలు రేపటికల్లా ఇవ్వాలి. లేకపోతే కుర్చీ ఇంకొక క్యాంపుకు పోతుంది.

పర్శరాములు ఫోను పట్టుకొనే గదిలోకి ఉరికాడు.

"ఇదేం కిరికిరి? నా డ్యూటీ ఎవడు జేస్తడే?"

"నోటీసు కింద రాశి ఉండె అది. ఇమామ్ సదివి చెప్పిండు," అన్నాడు లచ్చన్న. "ఆ కాగితం ఉంటె ఈ తిప్పలే లేకుండె."

"ఏ కాగితం?"

"అమీర్ జాన్ చింపింది. నువ్వు కత సగంల లేశిపోతివి. యార్క్ నుంచి పార్లమెంటుకు వోయినోళ్ళకు ఊరోళ్ళే దినకూలి ఇచ్చేటోళ్ళట. మన కోసం పొయ్యేటోని బరువు మనమే మొయ్యాలె అన్నడు ఇమామ్. ఈ క్యాంపుల రాములన్నను మించినోడు లేడు, మీటింగు దినం ఆయన డ్యూటీ వంతులేసుకొని మనం జేద్దాం అని రాశిండు. ముందుగాల నీకు జెప్తె వద్దంటవని దాశినం."

పర్శరాములు లచ్చన్న చేయి పట్టుకున్నాడు.

"మల్ల... మల్ల రాయరాదే?"

"ఎవడు పెడతడు? ఇమామ్‌ను పంపిచ్చినంక దస్కతు అంటెనే గజగజ వణుకుతుండ్రు."

పర్శరాములు మెల్లగా అడిగాడు.

"ముందుగాల వంతు ఎవలు ఏసుకున్నరే?"

లచ్చన్న చెప్పాడు.

జూన్, జూలై, ఆగస్టు... ఎండ నిప్పులు చెరిగే ఆ మూడు నెలల వంతులూ ఇంకెవరికీ ఇవ్వకుండా ఇమామ్ హుస్సేన్ తన పేరు మీదే రాసుకున్నాడు.