కదలని ఉడత

“లోపలికొస్తారా, నన్ను గడియ పెట్టుకోమంటారా?” పెరటి గుమ్మంలోంచి భార్య గొంతు తగ్గించి అడిగింది.

లేత్ మేస్త్రీ తల తిప్పలేదు. కట్టెల మోపు వెనక బోర్లా పడుకుని, కెమెరాకి కన్ను అతికించేసి ఉన్నాడు. “ఉష్... ఉడత.”

“కుక్క మంచం కిందనించి రానంటోంది. ముద్ద పెడితే మూతి తిప్పుకుంది.”

“నీ వంట సంగతి దానిక్కూడా తెలిసిపోయిందన్నమాట.”

“వేళాకోళం చాలు. పొద్దున్నించి ఒక్క కాకయినా అరిచిందా?”

“అరవకపోతే నాకే మంచిది. నువ్వూ అరవకు.”

అతని తిప్పలు అతనివి. మూరెడు పొడవున్న ఆ ముసలి లెన్సు కొత్త కెమెరాకి పట్టదు. మధ్యలో బిగించే రింగు తనే లేత్ మీద తీశాడు. కొలత తప్పి అది కాస్తా బొటనవేలంత మందం తేలింది. దాంతో లెన్సుకి దూరపు చూపు పోయింది. దగ్గరున్న ప్రాణి మీసాలతో సహా కనిపిస్తుంది గానీ, రాయి విసిరితే తగిలే దూరం దాటిందంటే అంతా పొగమంచే. పైగా ఫోకస్సు చేత్తో తిప్పుకోవాలి. తిప్పేలోగా ఉడత చెట్టెక్కేస్తుంది, ఫొటోలో తోక మిగులుతుంది. ఫొటో స్టూడియో నడిపే బావమరిది నిన్న ఆ తోకలన్నీ చూసి పొట్ట పట్టుకు నవ్వాడు. “బావా, రేపు కూడా ఇంతే అయితే ఆ గొట్టం నాకిచ్చెయ్. వాన నీళ్లకి చూరు కింద పెట్టుకుంటా.”

ఇవాళ ఆ నోరు మూయించాలి.

ఇవాళ్టి ఉడత వేరు. చెట్టు మొదలుకి బల్లిలా అతుక్కుపోయింది. తోక కూడా ఆడించట్లేదు. మేస్త్రీ మోచేతుల మీద ముందుకి జరిగాడు. పారిపోలేదు. ఇంకాస్త జరిగాడు. ఊహూ. అసలు అతనొకడున్నాడన్న లెక్కే లేదు దానికి.

“చూడవే, మహారాణిలా ఎలా కూర్చుందో!”

“కూర్చోలేదండీ అది. బిగుసుకుపోయింది.” భార్య తలుపు రెక్క దగ్గరికి లాక్కుంది. “మీకు దణ్ణం పెడతాను, వచ్చెయ్యండి. నాకేదో బాగా లేదు.”

“ఒక్క ఫొటో. మీ తమ్ముడి మొహాన కొట్టి మరీ వస్తా.”

“వాడి సంగతి నే చూసుకుంటా గానీ, మీరు... ఏమం—”

మాట సగంలో తెగింది. మేస్త్రీ అటు చెవి ఒగ్గాడు. ఇంకేం వినపడలేదు. అలిగి లోపలికెళ్లి ఉంటుంది. హమ్మయ్య అనుకున్నాడు.

వెంట్రుకవాసి చొప్పున ఫోకస్సు రింగు తిప్పాడు. ముందు చారలు, తర్వాత మీసాలు, తర్వాత కన్ను. కడిగినట్టు వచ్చింది. ఉడత వెనక, ఆ పొగమంచులో, పసుప్పచ్చ మరక ఒకటి కనిపించింది. పక్క దొడ్డి వాళ్లు ఎండుగడ్డి తెచ్చి పడేశారు కాబోలు. మంచిదే, ఉడత ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రింగు మీంచి చెయ్యి తీసేశాడు. ఊపిరి బిగబట్టి మీట మీద వేలు పెట్టాడు.

మరక మీద నల్లచుక్కలు తేలాయి. తర్వాత తెల్లటి మీసాలు. తర్వాత రెండు కళ్లు, కడిగినట్టు.

రింగు మాత్రం అతను తిప్పలేదు.