అన్ని సైజులూ

"ఫిర్యాదు రాయండి మేడమ్, మీ కాళ్లు పట్టుకుంటాను. వాడెవడో లైబ్రరీ వెనక్కి లాగితే, చెప్పులు వదిలేసి పరిగెత్తుకొచ్చింది నా పిల్ల."

హాస్టల్ వార్డెన్ తలుపు దగ్గరికి వేసింది. "రాస్తే అమ్మాయి పేరే నలుగురి నోళ్లలో నానుతుందమ్మా. మా యూనివర్సిటీ ఏటా ఇచ్చే నేరాల లెక్కల్లో వేధింపులు ఎప్పుడూ సున్నానే. ఇలా జరగడం ఇదే మొదటిసారి."

ఆ సున్నా చూసే తల్లి పట్టుబట్టి కూతుర్ని ఇక్కడ చేర్పించింది. ఇంకో యూనివర్సిటీ లెక్కల్లో పన్నెండు కనబడితే హడలిపోయి, అటు తొంగి కూడా చూడలేదు. ఆ మొదటిసారి నా బిడ్డకే రావాలా అని ఆమె ఏడ్చింది.

అమ్మాయి గీరుకుపోయిన పాదాలు చూసి వార్డెన్ మనసు కరిగింది. "నీది ఏ సైజు తల్లీ?" అంటూ బీరువా తెరిచింది.

లోపల కొత్త రబ్బరు చెప్పులు, అన్ని సైజులూ వరసగా పేర్చి ఉన్నాయి.

తల్లి ఏడుపు ఆగిపోయింది. "మొదటిసారి అన్నారు కదా. మరి ఇవన్నీ ఎవరి కోసం తెచ్చిపెట్టారు మేడమ్?"

వార్డెన్ అందించబోయిన జత చేతిలోనే ఉండిపోయింది.

కూతురు వట్టి కాళ్లతోనే లేచి నిలబడింది.

"ఆ సున్నా కొట్టేయండి మేడమ్. నాతో లెక్క మొదలుపెట్టండి."